ఇంటి అన్నం తిన్న కుక్కపిల్లకు కాళ్లు వంకర పోయాయి. మా పొరపాటు ఎక్కడ?

తెల్లజాజి (విజయవాడ), ఆదివారం ఉదయం 9.40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో లాబ్రడార్ పిల్ల ఉంది, పేరు బుజ్జి. నలభై అయిదు రోజుల పిల్లగా తెచ్చుకున్నాం. ఇప్పుడు అయిదో నెల, బరువు 12 కిలోలు. ప్యాకెట్ తిండిలో ఏమి కలుపుతారో తెలియదని, మనం తినేలాంటి శుభ్రమైన తిండి పెడదామని మొదటి రోజు నుంచీ నేనే వండి పెడుతున్నాను. రోజుకు 200 గ్రాముల బోన్‌లెస్ చికెన్, 300 గ్రాముల అన్నం, ఒక గ్లాసు పాలు, ఒక చెంచా నెయ్యి. ఉప్పూ కారమూ వేయను. కడుపునిండా తినేది, జుట్టు నిగనిగలాడేది.

మూడు వారాల కింద కుంటడం మొదలుపెట్టింది. ఆటల్లో బెణికిందనుకున్నాం. తర్వాత ముందుకాళ్లు రెండూ మణికట్టు దగ్గర బయటికి వంగాయి. మొన్న ఎత్తుకోబోతే ఒక్క కేక పెట్టింది. ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. ఎక్స్‌రే తీయించాం. ఎముకకూ చుట్టూ ఉన్న కండకూ తేడా తెలియనంత పలచగా ఉంది. డాక్టర్ గారు చూసి ‘ఇది తిండి వల్ల వచ్చిందమ్మా’ అన్నారు. రక్త పరీక్షలో మాత్రం కాల్షియం సరిగ్గానే ఉంది. రోజూ పాలు పోస్తున్నాను, చికెన్ పెడుతున్నాను. ఇంతకంటే మంచి తిండి ఏముంటుంది? లోపం ఎక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

గోదారి గట్టు (కొవ్వూరు), ఆదివారం ఉదయం 10.15

బాధపడకండి తెల్లజాజి గారూ, చిన్న వయసు కనుక కోలుకుంటుంది. సీసా కాల్షియం మొదలుపెట్టండి. మా ఇంట్లో ప్రతి పిల్లకూ పోస్తాం.

పాడిపంట (గన్నవరం), ఆదివారం మధ్యాహ్నం 12.30

అమ్మా, నేను ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మీరు రాసిన తిండినే లెక్క కడదాం, లోపం అందులోనే కనబడుతుంది.

12 కిలోల పిల్లకు ఈ వయసులో రోజుకు సుమారు 900 కేలరీలు కావాలి. మీ చికెన్, అన్నం, పాలు, నెయ్యి కలిపితే దాదాపు అంతే వస్తుంది. అందుకే బరువు బాగా పెరిగింది, జుట్టు మెరిసింది. అయితే పెరిగే పిల్లకు ప్రతి వెయ్యి కేలరీలకు కనీసం 3 గ్రాముల కాల్షియం ఉండాలి. అంటే మీ బుజ్జికి రోజుకు 2.7 గ్రాములు, అంటే 2,700 మిల్లీగ్రాములు. మీరు పెట్టినదాంట్లో ఎంత ఉంది? ఎముక లేని కోడి మాంసం 100 గ్రాములకు పది పన్నెండు మిల్లీగ్రాములకు మించదు. అన్నంలో నామమాత్రం. గ్లాసు పాలలో 240. అన్నీ కలిపినా 300 దాటదు. కావలసినదాంట్లో తొమ్మిదో వంతు. పాలతోనే ఆ లోటు పూడ్చాలంటే రోజుకు రెండు లీటర్లకు పైగా పోయాలి. అన్ని పాలు ఏ పిల్లకూ అరగవు.

ఇంకో ముడి ఉంది. మాంసంలో భాస్వరం ఎక్కువ. అదే 200 గ్రాముల చికెన్‌లో 400 మిల్లీగ్రాములు ఉంటుంది. తిండిలో కాల్షియం భాస్వరానికి కనీసం సమానంగా ఉండాలి, కొంచెం ఎక్కువైతే మరీ మంచిది. తలకిందులైతే మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఊరుకోవు. గుండె కొట్టుకోవడానికీ కండరాలు కదలడానికీ రక్తంలో కాల్షియం నిలకడగా ఉండాలి కనుక, ఆ గ్రంథుల హార్మోన్ ఎముకల్లోంచి తోడి రక్తంలోకి పంపిస్తుంది. మీ రక్త పరీక్ష సరిగ్గా రావడానికి కారణం అదే. రక్తం నిండుగా ఉంది, ఎముక ఖాళీ అయింది.

ఇప్పుడు చేయవలసినది: దూకడం, మెట్లు, నున్నటి టైల్స్ మీద పరుగు పూర్తిగా ఆపండి. చిన్న చోట, కింద గోనెపట్టా పరిచి ఉంచండి. ఈ దశలో ఎముక పుల్లలా విరుగుతుంది. ఎత్తవలసి వస్తే పొట్ట కింద ఒక చేయి, ఛాతీ కింద ఒక చేయి పెట్టి ఎత్తండి. తిండిని వెంటనే కుక్కపిల్లల కోసం తయారైన సంపూర్ణాహారానికి మార్చండి. ప్యాకెట్ మీద పెరిగే వయసుకు, అందులోనూ పెద్ద జాతులకు సరిపోతుందని రాసి ఉండాలి. ఈ పరిస్థితిలో ఇంటి వంటతో ప్రయోగం వద్దు.

గోదారి గట్టు గారూ, సీసా కాల్షియం మాట దగ్గర ఆగండి. సంపూర్ణాహారం మొదలుపెట్టాక దానిమీద సీసా కూడా పోస్తే పెద్ద జాతి పిల్లలకు మరో రకం చేటు. ఆరు నెలల లోపు పిల్లల పేగులు అదనపు కాల్షియాన్ని ఆపలేవు, వచ్చినదంతా లోపలికి తీసుకుంటాయి. అప్పుడూ ఎముకలూ కీళ్లూ వంకరగానే ఎదుగుతాయి. వేయాలా, ఎంత వేయాలి అన్నది ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి.

తెల్లజాజి, ఆదివారం మధ్యాహ్నం 1.05

పదే పదే చదివాను డాక్టర్ గారూ. తొమ్మిదో వంతు అన్న మాట దగ్గర ఆగిపోయాను. మూడు నెలలు నా చేత్తోనే పెట్టాను. గోనెపట్టా ఇప్పుడే పరిచాం. మా డాక్టర్ గారితో మాట్లాడి తిండి మారుస్తాను.

గోదారి గట్టు, ఆదివారం సాయంత్రం 4.20

డాక్టర్ గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా తాతగారి ఇంట్లో కుక్కలు గంజి, మిగిలిన అన్నం తిని పన్నెండేళ్లు బతికాయి. వాటికి ఎవరు లెక్కలు కట్టారు? మన కుక్కలకు మన తిండి పడదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పాడిపంట, ఆదివారం సాయంత్రం 5.00

మంచి ప్రశ్న. మీ తాతగారి కుక్క గంజి ఒక్కటే తాగి బతకలేదు. కట్టు లేకుండా ఊరంతా తిరిగేది. చేలో ఎలుకను పట్టేది, చేపల తలకాయలు, మేకను కోసిన చోట ఎముకలు, గేదె ఈనితే మావి, ఇవన్నీ దాని తిండే. గంజి వాటి పైన పడేది. ఇప్పుడు మనం మూడో అంతస్తులో తలుపు వేసి పెంచుతున్నాం. మన పళ్లెంలో లేనిది దానికి ఎక్కడా దొరకదు. ఇంకో మాట. ఆ రోజుల్లో ఈతకు ఆరేడు పిల్లలు పుడితే ఎన్ని నిలిచేవో గుర్తు చేసుకోండి. పన్నెండేళ్లు బతికినదాన్ని మనం తలచుకుంటాం, రెండో నెలలో పోయినదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

మన తిండి పడదని నేను అనడం లేదు. వరి, రాగి, గుడ్డు, చేప అన్నీ కుక్కకు అరుగుతాయి. చాలవలసినంత ఉన్నాయా అన్నదే ప్రశ్న.

గోదారి గట్టు, ఆదివారం సాయంత్రం 5.25

మావి సంగతి నిజమే. ఈనిన గేదె దగ్గర కుక్కను తోలడానికే మమ్మల్ని కాపలా పెట్టేవారు. ఒప్పుకుంటున్నాను. మరి రాగులు? కాల్షియానికి రాగులను మించినవి లేవంటారు కదా. రాగి సంకటి పెడితే సరిపోదా?

మేడిచెట్టు (హైదరాబాద్), ఆదివారం రాత్రి 8.10

రాగుల మాట నేను చెప్తాను, రెండేళ్ల కింద ఇదే ఆశతో లెక్క వేశాను. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో అది చాలా ఎక్కువ. అయినా కుక్క రోజంతా రాగి తప్ప మరేమీ తినదనుకున్నా, వెయ్యి కేలరీల రాగుల్లో వచ్చేది 1.1 గ్రాములు. పెరిగే పిల్లకు కావలసినదాంట్లో సగం కూడా కాదు. పైగా రాగుల్లోని ఫైటేట్లు కాల్షియాన్నీ జింకునూ పట్టి ఉంచి పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. రాగి మంచిదే, పెట్టండి. కాల్షియం బాధ్యత మాత్రం దానిమీద వేయకండి.

మా ఇంట్లో ఆరేళ్ల ఊరకుక్క ఉంది, 20 కిలోలు. పేరు కర్రి, వీధిలోంచి తెచ్చుకున్నాం. రెండేళ్లుగా ఇంటి వంటే. మొదట్లో నేనూ చికెన్ అన్నమే పెట్టాను. ఏడాది తిరిగేసరికి కళ్ల చుట్టూ, మూతి చుట్టూ చర్మం పొరలు కట్టింది. అలర్జీ అనుకుని సబ్బులు మార్చాం. చివరికి ఒక పశువైద్య పోషకాహార నిపుణుణ్ని కలిస్తే జింకు లోపమని తేలింది. ఆయన కర్రి కోసం రాసిచ్చిన రోజు తిండి ఇది: చర్మం తీసిన చికెన్ పచ్చిబరువు 250 గ్రాములు, నూకల అన్నం వండాక 350 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, కోడి కార్జం 30 గ్రాములు, తీపి గుమ్మడికాయ 100 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె ఒక చెంచా, చిటికెడు అయొడైజ్డ్ ఉప్పు, గుడ్డు పెంకుల పొడి అర టీస్పూను పైన కొంచెం. ఇంతా చేసి జింకు, విటమిన్ ఇ, విటమిన్ డి చాలవట. వాటికి వేరే పొడి రాసిచ్చారు, రోజూ కొలిచి కలుపుతాను. ఆ పొడి లేకపోతే ఈ వంట సంపూర్ణం కాదని ఆయన గట్టిగా చెప్పారు. ఇది కర్రి కోసం రాసినది. మీ కుక్కకు దీన్ని అలాగే తీసుకోకండి.

తెల్లజాజి, ఆదివారం రాత్రి 8.45

విటమిన్ డి ఎండలో పడుకుంటే రాదా? బుజ్జిని రోజూ పొద్దున డాబా మీద ఎండలో కూర్చోబెట్టేదాన్ని.

పాడిపంట, ఆదివారం రాత్రి 9.15

రాదమ్మా. మన చర్మంలో తయారైనట్టు కుక్క చర్మంలో చాలినంత తయారు కాదు. తిండిలోంచే రావాలి. గుడ్డు పచ్చసొన, కొవ్వు ఉన్న చేపల్లో ఉంటుంది. మన చర్మం గురించి తెలిసినది కుక్కకు వర్తింపజేస్తే ఇలాగే తప్పుతాం. విటమిన్ సి సంగతి దీనికి తలకిందులు: మనం తినాలి, కుక్క తన కాలేయంలో తానే చేసుకుంటుంది.

సముద్రపు గాలి (విశాఖపట్నం), సోమవారం ఉదయం 7.30

చేపల మాట వచ్చింది కనుక: మా దగ్గర కవళ్లు చవకగా దొరికినప్పుడు వారానికి రెండుసార్లు కుక్కరులో ఉడికించి పెడతాను. ఎక్కువసేపు ఉడికితే ముల్లు వేలితో నలిపితే పిండి అయిపోతుంది. పూర్తిగా నలగకపోతే మాత్రం పెట్టను. కోడి ఎముకలు వండినవి అసలే పెట్టకండి. అవి పెళుసుబారి సూదుల్లా చీలతాయి. మా పక్కింటి కుక్కకు పేగులో గుచ్చుకుని ఆపరేషన్ దాకా వెళ్లింది.

కొబ్బరాకు (తిరుపతి), సోమవారం ఉదయం 9.00

మా ఇంట్లో మాంసం, గుడ్డు వాకిలి దాటి రావు. అమ్మ నియమం అది. కుక్క కూడా ఆమె ప్రాణమే, ఎనిమిదేళ్లుగా పప్పన్నం, పెరుగన్నం తింటోంది. ఇప్పుడు మీ చర్చ చదివి భయం వేస్తోంది. శాకాహారంతో కుక్కను పెంచడం పాపమా? సూటిగా చెప్పండి.

పాడిపంట, సోమవారం ఉదయం 11.40

పాపం కాదు. పిల్లికైతే కుదరదు, కుక్కకు కుదురుతుంది. తోడేలు నుంచి కుక్కగా మారే క్రమంలో పిండి పదార్థాన్ని అరిగించుకునే శక్తి పెరిగింది. పిండిని అరిగించే అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు నకళ్లు కుక్కల్లో తోడేళ్ల కంటే చాలా ఎక్కువ ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు 2013లో చూపించారు. అందుకే మన అన్నం దానికి అరుగుతుంది.

కుదరడం వేరు, పప్పన్నంతో సరిపెట్టడం వేరు. మన ఇంట్లో పప్పన్నం అంటే గిన్నెడు అన్నానికి గరిటెడు పప్పు. మాంసకృత్తులు చాలవు. పప్పు మోతాదు పెంచాలి, పనీరు, మీల్ మేకర్ చేర్చాలి. పెరుగు పాలకంటే మేలు, ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. బి12, విటమిన్ డి, జింకు బయటినుంచి ఇవ్వాలి. కాల్షియానికి గుడ్డు పెంకే అక్కరలేదు, కాల్షియం కార్బొనేట్ మాత్రలున్నాయి. టారిన్ అనే పదార్థాన్ని కుక్క గంధకం ఉన్న అమైనో ఆమ్లాల నుంచి చేసుకుంటుంది, పప్పుల్లో అవి తక్కువ. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుంది. ఎనిమిదేళ్లది కనుక ఒకసారి గుండె, రక్తం పరీక్ష చేయించండి. తిరుపతిలో పశువైద్య కళాశాల మీకు దగ్గరే ఉంది, అక్కడ పోషకాహార విభాగంలో అడగండి. తినిపించేదంతా కాగితం మీద రాసి తీసుకెళ్లండి, గిన్నెలు కాదు, గ్రాములు.

మామిడి తోరణం (కర్నూలు), సోమవారం మధ్యాహ్నం 2.10

కొబ్బరాకు గారూ, మీ ఇంట్లో సాంబారన్నం, చారన్నం కూడా పెడుతుంటే దయచేసి ఈ రోజే ఆపండి. కిందటి ఉగాదికి పులిహోర కలిపాను. మిగిలిన చింతపండు గుజ్జు గిన్నె అడుగున దళసరిగా ఉంది. తొమ్మిది కిలోల మా పొమరేనియన్ కలగలుపు కుక్క ఆ గిన్నెను అద్దంలా నాకేసింది. సాయంత్రానికి వాంతులు. మర్నాడు మూత్రం బాగా తగ్గిపోయింది. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి డాక్టర్లు ఎలకల మందు తిన్నదా, ద్రాక్ష తిన్నదా అని అడిగారు. చింతపండు మాట నా నోట రాలేదు, నాకు అది విషమని తోచనే లేదు. అయిదు రోజులు సెలైన్ మీద ఉంచితే బయటపడింది.

డల్లాస్ తెలుగు, సోమవారం సాయంత్రం 6.30

మామిడి తోరణం గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవలసిన విషయం. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని ఇక్కడ చాలాకాలంగా తెలుసు. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని ఈమధ్య పరిశోధకులు చెబుతున్నారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిని మూత్రపిండాలు పాడైన కుక్కల వివరాలు 2022లో పశువైద్య పత్రికలో అచ్చయ్యాయి. అమెరికా వాళ్ల ‘పెట్టకూడనివి’ పట్టికల్లో చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉంటాయి, చింతపండు చాలావాటిలో కనబడదు, ఎందుకంటే వాళ్ల వంటింట్లో అది లేదు. మన వంటింట్లో రోజూ నానుతుంది. పాయసంలో కిస్మిస్, తాలింపులో వెల్లుల్లి, పులుసులో ఉల్లిపాయ, చారులో చింతపండు: ‘మనం తినేదే పెడుతున్నాం’ అనేవారు ఈ నాలుగూ చూసుకోవాలి. ఉల్లి వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, వండినా ఆ గుణం పోదు.

ఇంకొకటి. అంతర్జాలంలో దొరికే వంటకాలను నమ్మి మొదలుపెట్టేవారికి: డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను లెక్కకట్టి 2013లో ఫలితాలు ప్రచురించారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువైంది. పశువైద్యులు రాసిన వంటకాలు కూడా వాటిలో ఉన్నాయి. రోజుకో రకం మార్చి పెడితే లోపాలు సర్దుకుంటాయని నేను కూడా నమ్మేవాణ్ని. చాలా వంటకాల్లో లోపించేవి అవే పోషకాలు కనుక మార్చినా అవి పూడవు.

కొబ్బరాకు, సోమవారం రాత్రి 9.20

చారన్నం వారానికి రెండుసార్లయినా పెట్టేవాళ్లం. అమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కుక్క గిన్నెను వేరే అరలో పెట్టి, చారు గరిటె దాని దగ్గరికి పోకూడదని అందరికీ చెప్పింది. బుధవారం కళాశాలకు వెళ్తున్నాం.

సముద్రపు గాలి, మంగళవారం ఉదయం 8.00

పచ్చి మాంసం పెట్టేవాళ్ల మాటేమిటి? మేకల దుకాణంలో ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు ఊరికే ఇస్తారు, పచ్చిగానే పెడితే బలమని మా వీధిలో ఒకాయన అంటున్నారు.

పాడిపంట, మంగళవారం ఉదయం 10.30

వద్దని చెప్పండి. గొర్రె, మేక ఊపిరితిత్తుల్లో, కార్జంలో నీటితిత్తులు కనబడుతుంటాయి. వాటిలో ఉండేది ఒక రకం బద్దెపురుగు పిల్ల. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అది పెరిగి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మలంలో, జుట్టుకు అంటుకుని మనుషుల దాకా వస్తాయి, మనిషి కాలేయంలో తిత్తులవుతాయి. నేను ఇంతకుమించి భయపెట్టను. బాగా ఉడికించి పెడితే ఆ బెడద లేదు. గుడ్డు కూడా ఉడికించే పెట్టండి. పచ్చి తెల్లసొన రోజూ పెడితే బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనివ్వదు. కార్జం మంచిదే అయినా మొత్తం తిండిలో ఇరవయ్యో వంతు దాటకూడదు, విటమిన్ ఎ ఎక్కువైపోతుంది.

గోదారి గట్టు, మంగళవారం సాయంత్రం 5.45

మేడిచెట్టు గారూ, పెంకుల పొడి ఎలా చేస్తారో వివరంగా చెప్పండి. మా పెద్ద కుక్కకు నాలుగేళ్లు, డాక్టర్‌ను అడిగాను, వేయవచ్చన్నారు.

మేడిచెట్టు, మంగళవారం రాత్రి 9.00

గుడ్డు కొట్టగానే పెంకు కడిగేయాలి, ఆలస్యమైతే సొన ఎండి వాసన పడుతుంది. లోపలి పల్చటి పొర ఊడి వస్తే తీసేయండి, రాకపోయినా పరవాలేదు. పది పన్నెండు పెంకులు కూడాక నీళ్లలో పది నిమిషాలు మరిగించి, వార్చి, పళ్లెంలో పరిచి ఎండలో పెట్టండి. మన ఎండకు ఒక్క రోజు చాలు. వేళ్లతో నొక్కితే చిటుక్కున విరగాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. మిక్సీలో చిన్న గిన్నె వాడి రెండు మూడు సార్లు తిప్పి, టీ వడకట్టే సన్నటి జల్లెడలో జల్లించండి. మిగిలిన రవ్వ మళ్లీ మిక్సీలోకే. చివరికి రెండు వేళ్ల మధ్య రుద్దితే పసుపులా జారాలి, ఇసుకలా గరగరలాడకూడదు. గాజు సీసాలో పోసి మూత పెట్టండి.

ఒక పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. కర్రికి రోజుకు పెంకులో మూడింట రెండు వంతుల పొడి పడుతుంది. ప్యాకెట్ తిండి తినే కుక్కకు ఇది వేయకండి, దానిలో అప్పటికే ఉంటుంది. ఎక్కువ వేస్తే మలం సుద్దలా గట్టిపడి ముక్కుతుంది, అది చూసి తగ్గించుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నదానికి, పిల్లలకు డాక్టర్ మాట లేకుండా వద్దు.

తెల్లజాజి, ఏడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 8.20

అందరూ అడుగుతున్నారని రాస్తున్నాను. నిన్న రెండో ఎక్స్‌రే తీశారు. డాక్టర్ గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన వెలుతురుకు పెట్టి చూపించారు. మొదటి దాంట్లో ఎముక అంచు పెన్సిల్‌తో గీసి చెరిపేసినట్టు ఉండేది. ఇప్పుడు తెల్లటి గీత దళసరిగా, నాకు కూడా తెలిసేలా ఉంది. కుడికాలు దాదాపు నిటారు అయింది. ఎడమకాలి వంపు కొంత మిగిలిపోవచ్చన్నారు. కుంటడం నాలుగో వారంలోనే తగ్గింది. బరువు 17 కిలోలు.

పెరిగే తిండే పెడుతున్నాం, ఏడాది నిండేదాకా అదే. ఆ తర్వాత ఇంటి వంట మొదలుపెడతాను, ఈసారి గ్రాముల కాగితంతో, డాక్టర్ రాసిన పొడితో. మా అత్తగారు అప్పుడే పెంకులు కూడబెట్టడం మొదలుపెట్టారు. ఇంకా ఆరు నెలలుంది కదా అత్తయ్యా అంటే, ఎండాకాలం ఎండ మళ్లీ దొరకదంటున్నారు. డాబా మీద పళ్లెంలో ఎండుతున్నాయి. గోనెపట్టా ఇంకా తీయలేదు.

పాడిపంట, ఆదివారం ఉదయం 8.50

చాలా సంతోషం అమ్మా. మెట్లు మాత్రం ఇంకో నెల వద్దు.